పెద్దవారి ఒంటి బాధలకు పరీక్షల్లో కారణం దొరకనప్పుడు ఇంట్లోవారు ఏం చేయాలి

రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, స్కానింగులు అన్నీ బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పి నెలలు గడిచినా, డెబ్బై దాటిన తల్లికో తండ్రికో ఒళ్లు మంటలు, గుండెదడ, కడుపులో బరువు, తల తిరగడం తగ్గకపోతే ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఇంకా పెద్ద ఆసుపత్రిలో చూపిద్దామనేది ఒకటి. ఏమీ లేదని డాక్టరే చెప్పాక ఇంకా ఎందుకీ మూలుగుడు అనేది రెండోది. మొదటిది ప్రేమ కొద్దీ, రెండోది అలసట కొద్దీ వచ్చే మాటే అయినా, రెండూ ఆ మనిషి బాధను పెంచుతాయి. మొదటి మాట జబ్బు ఎక్కడో దాగి ఉందన్న భయాన్ని పెంచి పోషిస్తుంది, రెండో మాట తన బాధను ఎవరూ నమ్మడం లేదన్న ఒంటరితనంలోకి నెడుతుంది. మేలు చేసే పద్ధతి వేరే ఉంది: బాధ నిజమేనని ఒప్పుకోవడం, కారణం కోసం వెతుకులాటకు డాక్టరుతో కలిసి ఒక హద్దు పెట్టుకోవడం, మిగిలిన శ్రద్ధనంతా ఆ మనిషి రోజువారీ జీవితాన్ని తిరిగి నిలబెట్టడం మీద పెట్టడం. దాన్ని ఇంట్లో ఎలా ఆచరణలో పెట్టాలో ఇక్కడ వివరిస్తాను.

ఇది ఎలాంటి రుగ్మత

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో ఇలాంటి పరిస్థితులను సొమాటోఫార్మ్ డిజార్డర్స్ అనే పేరుతో ఒకచోట చేర్చారు. అప్పట్లో అందులోని చాలా రకాలకు ప్రధానమైన గుర్తు, లక్షణానికి తగిన శారీరక కారణం కనబడకపోవడం. 2013లో వచ్చిన ఐదో కూర్పు ఆ పట్టును వదిలేసి, సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అనే కొత్త పేరు పెట్టింది. కారణం దొరికిందా లేదా అన్నదానికంటే, ఆ లక్షణం చుట్టూ మనిషి ఆలోచనలు, భయం, సమయం ఎంతగా అల్లుకుపోయాయన్నది ఇప్పుడు ముఖ్యం. బాధ కలిగించే లక్షణం ఒకటైనా ఉండి, దాని గురించి మితిమీరిన ఆందోళన సాధారణంగా ఆరు నెలలకు మించి కొనసాగితే ఈ నిర్ధారణ చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వర్గీకరణలో 2022 నుంచి అమలులోకి వచ్చిన పదకొండో కూర్పు కూడా ఇదే బాట పట్టింది.

పెద్దవారి విషయంలో ఈ మార్పుకు ఎంతో విలువ ఉంది. ఆ వయసులో ఏదో ఒక జబ్బు లేని మనిషి అరుదు. మోకాళ్ల అరుగుదల నిజంగానే ఉన్న మనిషికి, ఆ అరుగుదలను మించిన నొప్పి, ఆ నొప్పిని మించిన భయం కూడా ఉండవచ్చు. గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి ప్రతి చిన్న దడకూ నాడి పట్టుకుని రాత్రంతా కూర్చోవచ్చు. జబ్బు ఉండటం, ఈ రుగ్మత ఉండటం ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు.

నటన కాకపోతే ఈ బాధ ఎక్కడి నుంచి వస్తుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. శరీరం నుంచి వచ్చే సంకేతాల్లో చాలా వాటిని మెదడు మామూలుగా పట్టించుకోకుండా వదిలేస్తుంది. భయం, నిద్రలేమి, దిగులు ఉన్నప్పుడు ఆ వడపోత సరిగా పనిచేయదు. ఆందోళనలో గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పేగుల కదలిక మారుతుంది, శ్వాస పైపైనే ఆడుతూ వేళ్లలో తిమ్మిరి పుడుతుంది. ఇవన్నీ శరీరంలో నిజంగా జరిగే మార్పులే. వాటిని చూసి మనిషి ఇంకా భయపడతారు, ఆ భయంతో అవి ఇంకా ఎక్కువవుతాయి. నొప్పి నెలల తరబడి కొనసాగితే నాడీవ్యవస్థ కూడా సున్నితమై, మామూలు స్పర్శను, కదలికను సైతం నొప్పిగా అందించడం మొదలుపెడుతుంది. ఇంట్లోవారు ఈ విషయాన్ని అర్థం చేసుకుంటే చాలు, మాట తీరు దానంతట అదే మారుతుంది.

ముందు ఒంటి జబ్బు సంగతి తేల్చుకోవాలి

జీవితమంతా పెద్దగా ఆరోగ్య ఫిర్యాదులు లేని మనిషికి అరవై ఐదు దాటాక కొత్తగా బాధలు మొదలైతే, వాటిని మనసుకు అంటగట్టడానికి తొందరపడకూడదు. పాత వర్గీకరణలో, కారణం దొరకని ఎన్నో ఒంటి బాధలు ఏళ్ల తరబడి ఉండే స్థితికి పెట్టిన పేరు సొమటైజేషన్ డిజార్డర్. దాన్ని నిర్ధారించాలంటే లక్షణాలు ముప్పై ఏళ్లలోపే మొదలై ఉండాలన్న నియమం ఉండేది. ముసలితనంలో కొత్తగా పుట్టిన బాధ వెనుక శారీరక వ్యాధి గానీ డిప్రెషన్ గానీ ఉందేమోనన్న అనుమానంతోనే మొదలుపెట్టడం సరైన పద్ధతి.

ఈ వయసులో వ్యాధులు పుస్తకంలో రాసినట్టు కనిపించవు. గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. థైరాయిడ్ మందగిస్తే ఒళ్లు నొప్పులు, మలబద్ధకం, మందకొడితనం వస్తాయి. బి12 విటమిన్ తగ్గితే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, తూలుడు మొదలవుతాయి. పార్కిన్సన్స్ వ్యాధిలో చేతి వణుకు కనబడటానికి ఏళ్ల ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం, భుజం నొప్పి ఉండవచ్చు. ఉదయం లేవగానే భుజాలు, తుంటి భాగం బిగుసుకుపోయి గంట గడిచినా సడలకపోతే పాలీమయాల్జియా రుమాటికా అనే వ్యాధిని గుర్తుచేసుకోవాలి. తగిన చికిత్సతో అది బాగా లొంగుతుంది. కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం కలిసి కనబడితే అది అత్యవసరం, ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది.

వాడుతున్న మందుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో అసలు చిక్కు అక్కడే ఉంటుంది. ఒక రోజు కూర్చుని ఇంట్లో ఉన్న మందులన్నిటినీ మంచం మీద పరచండి. మాత్రల షీట్లు, సిరప్‌లు, కంటి చుక్కలు, చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు, విటమిన్లు, ఆయుర్వేద చూర్ణాలు, దిండు కింద దాచుకున్న నిద్రమాత్రలు, వేరే ఎవరో వాడుతుంటే బాగుందని తెచ్చుకున్నవి, ఏదీ వదలకూడదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు వేసుకుంటున్నట్టు అప్పుడే బయటపడవచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. మూత్రం ఎక్కువయ్యే మాత్రలతో సోడియం పడిపోయి నీరసం, తల తిరుగుడు, తికమక రావచ్చు. బీపీకి వాడే కొన్ని మందుల వల్ల లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. ప్రతి మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపండి. సొంతంగా ఏదీ ఆపవద్దు.

దిగులు అనే మాట వినబడకపోయినా డిప్రెషన్ ఉండవచ్చు

పెద్దవారిలో చాలామంది మనసు బాగాలేదని చెప్పరు. కొందరికి అది చిన్నతనంగా అనిపిస్తుంది, కొందరికి ఆ అలవాటే లేదు, ఇంకొందరికి నిజంగానే బాధ అంతా ఒంట్లోనే తెలుస్తుంది. కాబట్టి దిగులుగా ఉందా అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. దానికి బదులు తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదా, తిండి మీద ధ్యాస తగ్గిందా, మనవలు వచ్చినా ముందున్న సంబరం లేదా, ఎవరికీ పనికిరాకుండా పోయానని అనిపిస్తోందా అని అడగాలి. 1980ల ఆరంభంలో పెద్దవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్ కూడా ఇదే పద్ధతిలో, అవును కాదు అని జవాబు చెప్పే ప్రశ్నలతో నడుస్తుంది. ఒంటి లక్షణాల గురించిన ప్రశ్నలను అందులో కావాలనే పెట్టలేదు, ఎందుకంటే ముసలితనంలో నొప్పి, నీరసం వేరే జబ్బుల వల్ల కూడా ఉంటాయి. దాని పొట్టి రూపంలో పదిహేను ప్రశ్నలే ఉన్నాయి. డాక్టరును అడిగితే ఆ పరీక్ష చేస్తారు.

భాగస్వామి పోయిన తరువాతి ఏడాది, ఉద్యోగ విరమణ తరువాతి నెలలు, పిల్లలు దూరం వెళ్లిన సమయం, కిందపడి దెబ్బ తగిలిన తరువాతి కాలం ఇలాంటి బాధలు మొదలవడానికి అనువైన సందర్భాలు. బాధ మొదలైన తేదీ దగ్గర ఆ ఇంట్లో ఏం జరిగిందో నెమ్మదిగా గుర్తుచేసుకుంటే డాక్టరుకు ఎంతో ఉపయోగపడే సమాచారం దొరుకుతుంది.

ఒక పరిస్థితిలో మాత్రం ఏ ఆలస్యమూ పనికిరాదు. తన పేగులు కుళ్లిపోయాయని, రక్తం ఎండిపోయిందని, లోపల అవయవాలే లేవని పెద్దవారు గట్టిగా నమ్మడం మొదలుపెడితే అది మామూలు ఆరోగ్యభయం కాదు, తీవ్రమైన డిప్రెషన్‌లో వచ్చే భ్రమ కావచ్చు. ఫ్రెంచి నాడీవైద్యుడు జూల్ కొటార్ 1880లోనే ఇలాంటి స్థితిని వర్ణించాడు. వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. దీనికి చికిత్స ఉంది, మత్తు ఇచ్చి మెదడుకు కొద్దిపాటి విద్యుత్తు అందించే చికిత్స (ఈసీటీ) ఇలాంటి రోగుల్లో బాగా పనిచేస్తుంది. బతకాలని లేదన్న మాట పెద్దవారి నోట వింటే దాన్ని ముసలివారి నిట్టూర్పుగా తీసేయకుండా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునని చెబితే వారిని ఒంటరిగా వదలకుండా, మందులు అందుబాటులో ఉంచకుండా అదే రోజు వైద్యసహాయం తీసుకోవాలి.

మాట ఎలా ఉండాలి

నిజమా కాదా అన్న వాదనలోకి దిగకూడదు. అక్కడ ఎవరు గెలిచినా ఓడేది రోగే. అమ్మ మధ్యాహ్నం మళ్లీ కడుపు పట్టుకుని కూర్చున్నప్పుడు, 'పొద్దున బాగానే ఉన్నావుగా' అనడం కంటే, 'నొప్పి మళ్లీ మొదలైందా అమ్మా, చాలా కష్టంగా ఉండి ఉంటుంది' అనడం మేలు. ఆ మాటతో నొప్పికి కారణం ఏమిటో మీరు ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు, ఆమె అనుభవాన్ని గుర్తించినట్టు మాత్రమే. తరువాత ఒక చిన్న విరామం ఇచ్చి, 'కాసేపు నా పక్కన కూర్చో, ఈ మొక్కలకు నీళ్లు పోద్దాం' అని పనిలోకి మళ్లించవచ్చు. మొదటి వాక్యం లేకుండా రెండోది చెబితే మాట తప్పించినట్టు ఉంటుంది.

నాన్న పదేపదే 'ఇది క్యాన్సర్ కాదు కదా' అని అడుగుతుంటే ప్రతిసారీ కాదని భరోసా ఇవ్వడం సహజమే. ఆ భరోసా కొద్దిసేపే నిలుస్తుంది, తరువాత మళ్లీ అడగాలనిపిస్తుంది, అడిగే కొద్దీ ఆ అలవాటు ముదురుతుంది. డాక్టరు చెప్పిన సంగతిని ఒకసారి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి, 'నాన్నా, దీని గురించి డాక్టరుగారు చెప్పింది మనం రాసి పెట్టుకున్నాం కదా, కొత్తగా ఏమైనా మారితే వచ్చే మంగళవారం అడుగుదాం' అని ప్రేమగా, ప్రతిసారీ అవే మాటల్లో చెప్పండి. ఇంట్లో అందరూ ఒకే జవాబు చెప్పడం అవసరం. కొడుకు ఒకటి, కోడలు ఒకటి, ఫోనులో కూతురు మరొకటి చెబితే అనుమానం పెరుగుతుంది.

ఇంకో సూక్ష్మమైన విషయం ఉంది. బాధ చెప్పినప్పుడే అందరూ చుట్టూ చేరి, బాధ చెప్పని వేళ ఎవరి గదుల్లో వారు ఉండిపోతే, బాధ ఒక్కటే పలకరింపుకు దారి అవుతుంది. ఇందులో ఆ పెద్దమనిషి తప్పు ఏమీ లేదు. కాబట్టి నొప్పి లేని సమయంలోనే, రోజూ ఒకే వేళకు, కొంతసేపు వారితో కూర్చోవాలి. ఆరోగ్యం తప్ప వేరే విషయాలు మాట్లాడాలి. ఏ సలహా కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

ఒకే డాక్టరు, ముందుగా అనుకున్న తేదీలు

చికిత్సకు వెన్నెముక ఇదే. నలుగురు స్పెషలిస్టులు నాలుగు వైపులా చూసి నాలుగు చీటీలు రాసే బదులు, మొత్తం బాధ్యత తీసుకునే ఒక జనరల్ ఫిజీషియన్‌నో కుటుంబ వైద్యుణ్నో ఎంచుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, బాధ ఎక్కువైనా తక్కువైనా, అనుకున్న తేదీకి వెళ్లాలి. ప్రతిసారీ డాక్టరు చేత్తో ముట్టుకుని పరీక్ష చేయాలి. కొత్త ఆధారం కనబడితేనే కొత్త పరీక్ష రాయాలి. 1986లో రిచర్డ్ స్మిత్, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, సొమటైజేషన్ డిజార్డర్ ఉన్నవారి వైద్యులకు ఇలాంటి సూచనలతో ఒక లేఖ పంపగా, ఆ రోగుల వైద్యఖర్చు సగానికి పైగా తగ్గింది, ఆరోగ్యం మాత్రం దిగజారలేదు. అది ప్రత్యేకంగా వృద్ధుల మీద చేసింది కాకపోయినా, ఆ పద్ధతి ఈ వయసువారికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. తేదీ ముందే ఖాయమై ఉంటే డాక్టరును కలవడానికి బాధ పెరగవలసిన అవసరం ఉండదు. అనవసరమైన స్కానింగుల్లో ఆ వయసుకు సహజమైన చిన్న చిన్న మార్పులు బయటపడి, వాటి చుట్టూ కొత్త భయాలు అల్లుకునే అవకాశమూ తగ్గుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫైలు మొత్తం మోసుకెళ్లే కంటే ఒకే పేజీ తీసుకెళ్లండి. అందులో ఇప్పుడున్న జబ్బులు, మందులు, జరిగిన ముఖ్య పరీక్షలు వాటి తేదీలతో సహా, ఈ నెలలో ఎక్కువ ఇబ్బంది పెట్టిన రెండు బాధలు ఉంటే చాలు. బాధల నోటుపుస్తకం రోజుకు ఒకసారి, సాయంత్రం ఒకే వేళకు రాస్తే సరిపోతుంది. గంటగంటకూ రాస్తే ధ్యాసంతా బాధ మీదే నిలుస్తుంది. బాధ ఎంత ఉందన్నదానితో పాటు ఆ రోజు ఎంతసేపు నడిచారు, ఎవరితో మాట్లాడారు, రాత్రి ఎలా నిద్రపోయారు అన్నవి కూడా రాయండి.

ఇంట్లో ఉండే బీపీ మిషను, ఆక్సిజన్ చూసే క్లిప్పు కూడా ఇలాంటి భయాలను పెంచగలవు. ఒకసారి ఎక్కువ వచ్చిందని వెంటనే మళ్లీ చూస్తారు, కంగారుతో ఇంకా ఎక్కువ వస్తుంది, మూడోసారికి చేతులు చెమటలు పడతాయి. డాక్టరు చెప్పిన రోజుల్లో, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్న తరువాత, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రాసి, మిషనును అలమరలో పెట్టేయాలి.

కదలిక, నిద్ర

బాధ భయంతో మంచానికే పరిమితమైతే పెద్దవారిలో కండరాలు చాలా త్వరగా కరిగిపోతాయి, దానితో నీరసం, తూలుడు పెరుగుతాయి. బాగున్న రోజు పనులన్నీ ఒకేసారి చేసి మూడు రోజులు పడుకోవడమూ మంచిది కాదు. బాగాలేని రోజున కూడా చేయగలిగినంత, ఉదాహరణకు వరండాలో ఐదు నిమిషాల నడక, లెక్కగా పెట్టుకుని, బాగున్న రోజున కూడా అంతే చేయాలి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పాలి, నొప్పి కాదు. ఛాతీలో నొప్పి, కొత్తగా ఆయాసం వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. పగటి నిద్రను అరగంటకు కుదించి, ఉదయం ఒకే వేళకు లేవడం అలవాటైతే రాత్రి నిద్ర మెరుగుపడుతుంది. నిద్ర మెరుగుపడితే నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుంది.

మందులు, మాటల చికిత్స

డిప్రెషన్ గానీ ఆందోళన గానీ కలిసి ఉన్నప్పుడు డాక్టర్లు సెర్ట్రలీన్ వంటి మందులను, నొప్పి కూడా ప్రధానంగా ఉంటే డులోక్సెటీన్‌ను రాస్తుంటారు. పెద్దవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఫలితం కనబడటానికి వారాలు పడుతుందని ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మొదటి వారంలో వచ్చే వికారం చూసి మానేస్తారు. ఈ మందులతో పెద్దవారిలో సోడియం తగ్గే అవకాశం ఉంది కాబట్టి మొదటి కొన్ని వారాల్లో రక్తపరీక్ష చేయించమని అడగండి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు కలిసి వాడుతుంటే రక్తస్రావం ప్రమాదం గురించి కూడా అడగాలి.

ఆందోళన తగ్గించడానికి ఇచ్చే అల్ప్రజోలం, క్లోనజెపామ్ వంటి మాత్రలు ఆ పూటకు హాయినిచ్చినా, పెద్దవారిలో కిందపడటానికి, మతిమరుపుకు, అలవాటుపడటానికి దారితీస్తాయి. డాక్టర్ మార్క్ బీర్స్ 1991లో మొదలుపెట్టిన, వృద్ధులకు తగని మందుల జాబితాలో ఇవి నేటికీ ఉన్నాయి, డిప్రెషన్‌కు, నొప్పికి ఇచ్చే పాత మందు అమిట్రిప్టిలీన్ కూడా ఉంది. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారు మాత్రం హఠాత్తుగా ఆపకూడదు, వైద్యుల పర్యవేక్షణలో నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వయసుతో నిమిత్తం లేకుండా ప్రయత్నించదగినది. గుండె దడదడలాడితే చచ్చిపోతానన్న ఆలోచనను పరీక్షించి చూడటం, మానేసిన పనులను మెట్టుమెట్టుగా తిరిగి మొదలుపెట్టడం అందులో నేర్పిస్తారు. వినికిడి యంత్రం, కళ్లద్దాలు తప్పకుండా తీసుకెళ్లాలి, ఆ రోజు మాట్లాడుకున్నది పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. సైకియాట్రిస్టు పేరెత్తగానే 'నాకు పిచ్చి అంటావా' అని పెద్దవారు గాయపడవచ్చు. 'ఈ నొప్పితో ఇన్నాళ్లుగా నలిగిపోతున్నారు, నిద్ర లేదు, నొప్పితో పాటు ఆ నలుగుడుకూ చికిత్స ఉంది' అని మీకు నమ్మకమైన కుటుంబ వైద్యుడే చెబితే ఎక్కువగా ఒప్పుకుంటారు. పాత వైద్యం ఆగిపోదని కూడా వారికి తెలియాలి.

కొత్త లక్షణం వచ్చినప్పుడు

ఈ రుగ్మత ఉన్న మనిషికి కూడా గుండెపోటు వస్తుంది, క్యాన్సర్ వస్తుంది. ఇదీ పాత పాటే అనుకుని కొత్త బాధను కొట్టిపారేయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఛాతీలో బరువు, అకస్మాత్తుగా ఆయాసం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, హఠాత్తుగా తికమకపడటం కనబడితే అదే క్షణం అత్యవసర చికిత్సకు తీసుకెళ్లాలి. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మలంలో రక్తం, మింగడం కష్టం కావడం, విడవని జ్వరం, రాత్రి నిద్రలేపే కొత్త నొప్పి ఉంటే అనుకున్న తేదీ దాకా ఆగకుండా డాక్టరును కలవాలి. మతిమరుపు వ్యాధి ఉన్నవారు బాధను మాటల్లో సరిగా చెప్పలేరు కనుక ముఖకవళికలు, కదిలినప్పుడు మూలగడం, తిండి మానేయడం వంటివి చూసి పోల్చుకోవాలి. ఎప్పటిలా ఉన్న బాధకు, ఎప్పుడూ లేని బాధకు మధ్య తేడా దగ్గరుండి చూసుకునేవారికే ముందు తెలుస్తుంది. ఆ తేడాను డాక్టరుకు గట్టిగా చెప్పే హక్కు మీకుంది.

మూడు నెలల తరువాత ఎంత మెరుగయ్యారో చూసేటప్పుడు నొప్పి పోయిందా అని అడగకండి. కొంత నొప్పి మిగిలే ఉండవచ్చు. వారంలో ఎన్నిసార్లు బయటికి వెళ్లారు, స్నానం, బట్టలు తామే చూసుకుంటున్నారా, రాత్రి ఫోన్లు, అత్యవసర ఆసుపత్రి పరుగులు తగ్గాయా అని చూడండి. చూసుకునే మనిషి ఒక్కరే అయితే వారానికి ఒక పూటైనా ఆ బాధ్యతను ఇంకొకరు తీసుకునే ఏర్పాటు చేయండి. దగ్గరివారి మరణమో, కిందపడటమో, ఇల్లు మారడమో జరిగితే పాత బాధలు తిరిగి రావచ్చు. అప్పుడు కొత్త ఆసుపత్రి వెతకకుండా, అదే డాక్టరుతో తదుపరి తేదీని అనుకున్నదానికంటే రెండు వారాలు ముందే పెట్టుకుని, అదే నడక, అదే నోటుపుస్తకంతో మళ్లీ మొదలుపెట్టండి.